నాలుగూ పది

ఫైరింజన్‌ని పొద్దున్నే బయటికి తోసి
దాని చోట నాలుగు బల్లలు వేశాం.
నూనె మరక మీద తివాచీ ముక్క పరిచింది ఇర్మ్‌ట్రౌట్.
ఓటరు జారిపడితే, అంది,
ఏ పార్టీ ఖాతాలో రాయాలి?

బ్యాలెట్ పెట్టె అంటే మా దగ్గర
చక్రాలున్న చెత్త డబ్బానే.
మూతకు చీలిక కోసి, తాళం వేసి, ముద్ర అంటించాక
కాస్త గాంభీర్యం వచ్చింది దానికి,
పెళ్ళికి అరువు కోటు తొడుక్కున్న మెకానిక్‌లా.

పొద్దంతా వచ్చారు.
కుక్కతో ఒకరు, ఆక్సిజన్ గొట్టంతో ఒకరు,
చర్చి నుంచి తిన్నగా కొందరు, మంచం మీంచి తిన్నగా కొందరు.
ముప్పై ఒక్క ఏళ్ళు డ్రోసెకోవ్ మీదుగా బస్సు నడిపినవాణ్ణి.
వీళ్ళ ముఖాలకంటే
అద్దంలో తిరగబడ్డ ముఖాలే నాకు ఎక్కువ పరిచయం.

సరిగ్గా ఆరు.
ఓటింగ్ ముగిసిందని ఇర్మ్‌ట్రౌట్ ప్రకటించే లోపే
మాల్టే ఫోన్లో చప్పట్లు, రాజధాని నుంచి.
పాత ప్రభుత్వమే. మళ్ళీ వాళ్ళే.
నీలి తెర ముందు అదే చిరునవ్వు, కొంచెం బరువెక్కి.
మేమింకా డబ్బా తాళం తియ్యనే లేదు.

"మరి మనం లెక్కపెట్టడం దేనికి?"
మాల్టేకి పంతొమ్మిది.
ఆల్బుఖారా కేకు పళ్ళెం పక్కకి జరిపి
"వంచు" అంది ఇర్మ్‌ట్రౌట్.

లెక్కింపు ఎవరైనా వచ్చి చూడొచ్చు, చట్టం.
వచ్చింది కుక్క ఒక్కటే.

చేతి రుమాళ్ళంత మడతలు విప్పితే
తువ్వాళ్ళంత కాగితాలు.
పాత ప్రభుత్వం దొంతర నూట పద్దెనిమిది.
కోపం దొంతర నూట ఇరవై మూడు.
మా ఊళ్ళో కోపం అయిదు ఓట్లతో గెలిచింది.
రాష్ట్రంలో భయం గెలిచిందో, అలవాటు గెలిచిందో,
ఆ రెండిటికీ వేరువేరు గడులు లేవు కాగితం మీద.

ఇక అయిపోయిందనగా ఒకటి వచ్చింది.
ఏ గుండ్రంలోనూ గీత లేదు.
అడుగున నీలి సిరాతో, కుదురుగా:
"463 బస్సు. సాయంత్రం 4.10. దయచేసి."

హెన్నింగ్ దగ్గాడు.
నిబంధనల పుస్తకం తెరిచింది ఇర్మ్‌ట్రౌట్:
ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే చెల్లుతుంది.
"ఇంతకంటే స్పష్టంగా ఇవాళ ఎవరూ చెప్పలేదు" అన్నాడు మాల్టే.
"నిజమే. కానీ ఆ పేరుతో పార్టీ లేదు."

నాలుగు అంకెను అలా తల మూసి రాసే చెయ్యి నాకు తెలుసు.
ప్రతి డిసెంబరులో నా స్టీరింగు పక్కన ఒక కవరు,
"డ్రైవరు గారికి", లోపల రెండు చాక్లెట్లు.
గురువారాలు పట్నం వెళ్ళి బృందగానంలో పాడి
నాలుగూ పదికి నా వెనక సీట్లో తిరిగొచ్చేది,
పాట ఇంకా పెదాల మీంచి దిగకుండానే.
బస్సు తీసేశారు. నన్ను ఇంటికి పంపారు.
ఆ బృందంలో ఇప్పుడొక కుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంటుంది.

పేరు చెప్పను. రహస్య ఓటు.

"చెల్లదనేవాళ్ళు చెయ్యెత్తండి."
ఎన్నిక కడుపులో ఇంకో బుల్లి ఎన్నిక.
ఒకటి, రెండు, మూడు.
మాల్టే తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.
నాలుగోది నాది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆమెకి తలుపు తెరిచిన చెయ్యి.

చెల్లనివి: ఒకటి.
మొత్తం సరిపోయింది. జిల్లాకి ఫోను చేశాం.
డబ్బా చక్రాల మీద గొణుక్కుంటూ కొట్టులోకి పోయింది.
కాఫీ ఖర్చుల కింద ఒక్కొక్కరికి ముప్పై అయిదు యూరోలు.
పట్నానికి టాక్సీ ముప్పై ఎనిమిది.

ఇంటికి పోతూ బస్టాపు దగ్గర ఆగాను.
టైంటేబుల్ చట్రం ఖాళీ. పక్కనే పోస్టరు,
గెలిచిన ముఖం, "కలిసి ముందుకు".
తెల్లారితే ఎవరో నిచ్చెన తెచ్చి కోసేస్తారు, ఐదేళ్ళకి.

ఆమె పాడేది కింది గొంతు.
మిగతా గొంతులు ఎన్నడూ నా బస్సెక్కలేదు,
అసలు వరస ఎలా ఉంటుందో నాకు తెలీదు.
ఆ కింది గొంతొక్కటే
మలుపు దాకా నా నోట్లో.