నాలుగ్గంటల దగ్గు

షార్జా పిట్టల బజార్ల
మా దుకాణం తొమ్మిదోది.
అంతకుముందు నేను వెల్డర్ని.
ఇప్పుడు కాకటీల్ పిల్లలకు తల్లిని,
నెలకు పన్నెండొందల దిర్హాములకు.

పద్దెనిమిది రోజులకే గూట్లకెల్లి తీస్తం.
ఈకలు ఇంకా విచ్చుకోవు, ఒంటినిండ ముళ్ళే,
పల్లేరుకాయకు కండ్లు మొలిచినట్టు.
చెయ్యి పెడితే బుస్సుమంటయి.
పామునెన్నడు జూడని పిల్లలకు
ఆ బుస ఎవరు నేర్పిన్రో.

గటక లెక్క పిండి కలిపి
మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంట,
వెల్డింగ్ మచ్చ పక్కన,
తోలుకు ఇంకా సోయి ఉన్న జాగల.
వేడెక్కువైతే పొట్టసంచి కాలుతది,
చల్లారితే లోపల్నే పులుస్తది.
సిరంజి నోట్లె పెట్టంగనే తలలు ఊపుడే ఊపుడు,
మెడకింద సంచి బుగ్గ లెక్క ఉబ్బేదాక.

రాత్రి చెప్పుల డబ్బల రూముకు తీస్కపోత.
ఆరుగురం ఉంటం. జీరో బల్బు ఆర్పనియ్య,
చీకట్ల ఉలిక్కిపడితే రెక్కలు ఇరగ్గొట్టుకుంటయి.
షఫీకుల్ మొఖం మీద తువ్వాల కప్పుకుంటడు.
గంప లచ్చన్న మాత్రం తిడుతడు.
పొద్దుగాల నాలుగింటికి బస్సుకు లేస్తడు,
దగ్గుతడు, మూడు సార్లు,
ఆఖరిది సాగదీసి.
ఒకనాడు నేను లేచేసరికి
సిరంజి ఆయన చేతుల ఉంది.
"ఒర్రినయ్‌ రా," అన్నడు, గోడ దిక్కు జూసుకుంట.

మచ్చిక జేసుడంటే పట్టుకునుడు గాదు,
వేలు చాపి ఊకె కూసునుడు.
జుట్టు నిక్కితే భయం, అణిగితే కోపం,
సగం లేస్తే ఏదో ఆలోచన్ల ఉన్నట్టు.
ఆ సగం కాడ కంకి చూపియ్యాలె.
ప్యాకెట్ మీద ఫ్రాన్స్ అని రాసుంటది,
ఇప్పితే కొర్రకంకే.

చేతి మీద కూసునే పిట్టకు రెండింతల ధర.
చెంపల మీద జాజు చుక్కలున్న బూడిదరంగు దాన్ని
అల్ ఖాన్ కెల్లి ఒకామె కొనుక్కపోయింది.
కొత్త వేలు చాపింది. ఎక్కి కూసుంది.
నా దిక్కు చూడనన్న చూడలే.
అర్బాబు నాకు యాభై ఎక్కువిచ్చిండు.

లచ్చన్నను కంపెనీ రువైస్‌కు మార్చింది.
ఆయన మంచం మీద ఇప్పుడు అట్టపెట్టెలు.

మొన్న ఆమె పంజరం పట్టుకోని వచ్చింది.
పిట్టకు జబ్బు చేసిందట,
రోజూ తెల్లారకముందే అదొక తీరు సప్పుడట.
ఈకలు జూసిన, ముక్కు జూసిన, రెట్ట జూసిన.
వేలు చాపిన. ఎక్కింది. జుట్టు సగం లేపింది.
దగ్గింది, మూడు సార్లు,
ఆఖరిది సాగదీసి.

జబ్బు లేదన్న, నాకొచ్చిన అరబ్బీల.
బస్సుకు టైమైందంటుంది అనెటందుకు
మాటలు రాలే.