యా

ఏనుమాముల యార్డుల కాంటా చిట్టా రాస్త నేను.
పేరు రాసే గడి రెండేళ్ల వెడల్పు,
పూర్తిగ ఎవరూ పట్టరు.

ఏటూరునాగారం ఈసం లచ్చుపటేలు
'ఈసం' కాడనే ఆగిపోతడు.
దర్భంగా నుంచొచ్చిన రామ్‌ఖేలావన్
'రాం' అయి ఊకుంటడు.
తండా సోమ్లి ఒట్టి 'సో'.
యాకయ్య, యాకూబ్ ఇద్దరూ 'యా'.

అన్నారం దర్గాల మొక్కితేనే పుట్టిర్రట ఇద్దరూ.
ఒక తల్లి కొబ్బరికాయ కొట్టింది,
ఒక తల్లి చాదర్ కప్పింది.
ఏ కడుపు ఎవరిదని అడిగిన జాడ లేదు.

మార్చి నెల. మిర్చి ఘాటు.
తుమ్ముకు ఆగితే ఇక్కడ లారీ కదలదు.
ఒకరు 'రామ రామ' అంటరు, ఒకరు 'అల్‌హమ్దులిల్లా',
సోమ్లి వాళ్ల మాటల ఏదో తిడుతది,
మిరపకాయనో, నన్నో.

గోడ మీద నీలం అక్షరాలు: 'మనమంతా ఒక్కటే'.
ఆ గోడకానుకొనే రెండు బంతులల్ల అన్నం తింటరు.
నేను ఏ బంతిల కూసుంటనో
చెప్పాల్నంటే సిగ్గయితది.

అప్పుడొచ్చింది ఒక వీడియో.
ఏ ఊరిదో తెల్వదు, ఏ ఏడుదో తెల్వదు.
యాకయ్య తన ఫోనుల చూసిండు,
యాకూబ్ తన ఫోనుల.
తెల్లారి ఒకరు తూర్పు షెడ్డు, ఒకరు పడమటి షెడ్డు.

బస్తా ఒంటిమనిషికి వీపెక్కదు.
చెరో చెవి పట్టి ఒక్క ఊపిరిల లేపాలె.
యాకయ్య కొత్త పోరన్ని జతకు పెట్టుకున్నడు,
వాడు 'హుఁ' అనేసరికి రెప్పపాటు ఆలస్యం.
నడుం పట్టేసింది.

శనివారం కూలి లెక్క.
'యా – నూట నలభై ఆరు.'
ఎవరివెన్నో నా చిట్టాకు తెల్వదు.
బల్లకు ఇటొకన్ని, అటొకన్ని నిలబెట్టిన.

"బుధవారం మబ్బుల పదారు నావి."
"పన్నెండే. నాలుగు నేను దించిన,
నీ కాలు బెణికె గదా."
యాకయ్య కాలు దిక్కు చూసుకున్నడు.
"ఔ. బెణికింది."

పైసలు తియ్యబోతుంటే నాకు తుమ్మొచ్చింది.
ఒంటి తుమ్ము.
ముగ్గురం ఆగినం.
"ఇంకోటి తుమ్ము సాబ్," అన్నడు యాకూబ్,
"లెక్క ముందట ఒంటిది మంచిది కాదు."

ఒక్క కవర్లనే తీస్కపోయిర్రు.
గేటు కాడ పంచుకున్నరో, తన్నుకున్నరో,
నేను పోయి చూడలే.

ఈ ఏడు కొత్త చిట్టాలొచ్చినయ్, గడి పెద్దది.
ఇంటిపేర్లతోని రాస్తున్న.
సోమ్లి తన పేరు నిండుగ చూసుకొని
నన్ను మొదటిసారి తిట్టలే.

ఆ ఇద్దరి పేర్ల కాడ మాత్రం
మొదటి అక్షరం రాసినంక
కలం ఒక్క గడియ ఆగుతది,
ఎటు తిరగాల్నో అడిగినట్టు.