ఆదివారం లోడు లేదు

శనివారం మధ్యాహ్నం మూడింటికి
సూపర్‌వైజరు తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు,
రేపు లోడు రాదంట, సోమవారం రండి, అని.
సెలవు ఇచ్చినట్టు లేదు మాకు,
బయట నిలబెట్టి గడియ పెట్టినట్టుంది.

వీరవేణి టోపీ తీసి ముడి విప్పుకుంటూ
"అంతర్వేది ఎళ్దామా?" అంది,
టీకి ఎళ్దామా అన్నంత తేలిగ్గా.
యాభై రెండేళ్ళ మనిషి.
పదకొండేళ్ళుగా రొయ్యలు వొలుస్తోంది.
సముద్రం చూసింది రెండేసార్లు,
రెండుసార్లూ ఎవరివో అస్థికలు కలపడానికే.

నరసాపురం దాకా బస్సులో నిలబడే వెళ్ళాం.
రేవులో పంటు మీద మా ముగ్గురితోపాటు
పదహారు బైకులు, ఒక పెళ్ళి వ్యాను,
గంపలో మూతికట్టిన కోళ్ళు.
గోదారి మధ్యలో ఎస్తేరు చేతులు వాసన చూసుకుని
"మూడుసార్లు సబ్బు రుద్దానక్కా" అంది.
ఎవరూ అడగలేదు దాన్ని.

లాడ్జిలో పెద్దాయన
మా ఆధార్ కార్డులు తిరగేసి మరగేసి
"మగాళ్ళెవరూ రాలేదా అండి?" అన్నాడు.
"వచ్చారండి, పర్సులో ఉన్నారు" అని వీరవేణి
పోయిన మొగుడి ఫోటో తీసి చూపించింది.
నవ్వాలో వద్దో తెలీక ఆయన
ఆయ్, అని తాళం ఇచ్చేశాడు.
రెండు మంచాలు. ఒక కిటికీ. కిటికీలో సరుగుడు తోట.
తోట వెనకాల ఎవరో ఆగకుండా
బియ్యం చెరుగుతున్న చప్పుడు.
అదే, అంది ఎస్తేరు. అదే కదా?

సాయంత్రం ఇసకంతా జనం.
పాలకొల్లు నించి కాలేజీ కుర్రాళ్ళు,
రాజోలు నించి ట్రాక్టరు నిండా చుట్టాలు,
గుర్రం ఎక్కనని ఏడ్చే పిల్లాడు,
దిగనని ఏడ్చే వాళ్ళక్క.
మరమరాల బండి స్పీకర్లో ఒక పాట,
జీపు స్పీకర్లో ఇంకో పాట,
మధ్యన అల వచ్చి రెంటినీ తడిపి పోతోంది.
ఇరవై రూపాయలకి ఎర్ర కళ్ళజోడు అద్దెకి తీసుకుని
వీరవేణి జీపు ముందు సీట్లో కూచుంది
సర్పంచిగా గెలిచొచ్చినంత ఠీవిగా.

వేపుడు బండి మీద రొయ్యలు. ప్లేటు నూట ఎనభై.
ఎస్తేరు వంగి లెక్కపెట్టింది, పన్నెండు.
"నరం సరిగ్గా తియ్యలేదు చూడు,
మన షెడ్డులో అయితే వెనక్కి కొట్టేవోళ్ళు."
కిలో వొలిస్తే మాకెంతో
ఎవరమూ పైకి అనలేదు.
నిమ్మచెక్కతో కారం రుద్దించుకుని
మొక్కజొన్న పొత్తులు తిన్నాం.

రాత్రి లైట్‌హౌసు వెలుగు
కిటికీ ఊచల్ని లెక్కపెట్టి పోతోంది మాటిమాటికీ.
రోజంతా ఐసునీళ్ళలో నిలబడే కాళ్ళు
పడుకోవడం ఎలాగో మర్చిపోయినట్టున్నాయి.
చీకట్లో వీరవేణి గొంతు:
"ఇన్నేళ్ళూ సముద్రం సరుకనుకున్నానే.
ఒక్క రొయ్యా ఈ నీళ్ళది కాదు,
అన్నీ మన చేలు తవ్విన చెరువులవే."
వాళ్ళ నాన్న కౌలుకి వరి దున్నిన ఎకరంన్నర కూడా
ఆ చెరువుల అడుగున ఎక్కడో ఉంది.
ఆ మాట మాత్రం తను అనలేదు.

తెల్లారి అన్నాచెల్లెళ్ళ గట్టుకి నడిచాం.
ఇక్కడ గోదారి అయిపోద్ది, అక్కడ సముద్రం మొదలు, అని
పడవాయన చెయ్యి చాపి చూపించాడు.
మాకు రెండూ ఒకటే బురద రంగు.
ఎస్తేరు మోకాళ్ళ దాకా దిగి
చేతులు ముంచుకుంటూ నడిచింది,
రొయ్య ముల్లు గీసిన వేళ్ళు, ఐసు కొరికిన వేళ్ళు.
ఒకచోట ఏమీ లేదు.
ఇంకో నాలుగడుగులు. ఏమీ లేదు.
"అమ్మా!" అని చెయ్యి లాక్కుంది,
విదిలించి మళ్ళీ ముంచింది,
నవ్వుతూ అరిచింది,
"ఇక్కణ్ణించక్కా. ఇక్కణ్ణించి సముద్రం!"
ముగ్గురం వరసగా ముంచి చూశాం.
నిజమే.
పడవాయన చూపించిన చోటికి
బారెడు ఇవతల.

తిరుగు పంటు తాడు విప్పేశాక
సంచి అడుగున దొరికింది ఎర్ర కళ్ళజోడు.
అయ్యో, పాపం కుర్రాడు, అంది వీరవేణి.
పైటతో రెండద్దాలూ తుడిచి
ఖాళీ టిఫిన్ బాక్సులో పెట్టి మూత బిగించింది.
"ఇచ్చెయ్యాలి కదా మరి.
మళ్ళీ లోడు ఎప్పుడు రాదో
ఆ సూపర్‌వైజర్ని కనుక్కోండే."