దిగింది

రాత్రి పదకొండున్నరకి వార్త వచ్చింది, ఫొటోతో సహా.
పచ్చికలో వెల్లకిలా చిన్న విమానం,
చచ్చిన బొద్దింకలా చక్రాలు పైకెత్తి.
శీర్షిక నేనే పెట్టాను:
"కూలిన విమానం. మహిళకు పునర్జన్మ."
సస్కాచువాన్ మైదానాల్లో మా పత్రిక చిన్నది.
అక్షరాలే పెద్దవి.

తెల్లారేసరికి టీవీవాళ్ళు
హాన్యా ఒలెక్సిన్ వాకిట్లో ఉన్నారు.
ఆ క్షణంలో దేవుడు గుర్తొచ్చాడా?
"లేదు, గాలి గుర్తొచ్చింది" అందామె.
ఆ మాట కత్తిరించేసి
ఆమె కన్ను తుడుచుకున్న ముక్క ఉంచుకున్నారు.
కంట్లో పడింది గడ్డి నుసి.

నేను వెళ్ళింది వారం తర్వాత, ఒట్టి చేతుల్తో.
బంగాళాదుంపల తొక్క తీస్తూ చెప్పింది:

ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.
ముక్కు దించాను. అరవై ఎనిమిది నాట్లు,
అంతకన్నా తగ్గకూడదు, అదొక్కటే పట్టుకున్నాను.
మడుగు మీద అలలు చూసి గాలి ఎటో పోల్చుకున్నాను.
ఆవాల చేను పసుప్పచ్చగా, పరుపులా పిలిచింది.
పోలేదు. ఏపుగా ఎదిగిన పైరు చక్రాల్ని పట్టేస్తుంది.
కరెంటు తీగ పైనించి కనపడదు,
స్తంభాల్ని వెతకాలి.
పెట్రోలు కట్టేశాను. తలుపు గొళ్ళెం తీసి ఉంచాను,
ఒళ్ళు వంగితే అది బిగుసుకుపోతుంది.
పక్కసీట్లో పశువుల డాక్టరు ఫ్రీసెన్ ఏడుస్తున్నాడు,
కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకోమన్నాను.
పచ్చికలో దిగాను.
నూట ఇరవై అడుగులు బుద్ధిగానే పరిగెత్తింది.
ఆ తర్వాత నేల ఉడత బొరియ.

భయం వెయ్యలేదా, అనబోయి మింగేశాను.
తనే అంది: నెలకో ఆదివారం
ఇంజన్ తగ్గించి ఇదే చేసి చూసుకునేదాన్ని.
పెట్రోలు దండగ అని మా ఆయన సణిగేవాడు.

సవరణ వేస్తానన్నాను,
నాలుగో పేజీలో, వాతావరణం కింద.
నవ్వి, దుంపలు పొయ్యిమీద పెట్టింది.

శుక్రవారం మా కౌంటరు దగ్గరికొచ్చింది,
అమ్మకం ప్రకటన రాసుకుని. మాటకి డెబ్భై సెంట్లు.
"విమానం రెక్కలు, తోక, రెండు సీట్లు.
ఇంజన్ పనికిరాదు. పచ్చికలో దిగింది."

ఆఖరి రెండు మాటలూ తీసేద్దామా,
డబ్బు మిగులుతుంది కదా అన్నాను.

చిల్లర లెక్కపెట్టి
ఒక డాలరూ నలభై సెంట్లు
బల్లమీద విడిగా పెట్టింది.