సగం షీటు

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
మందుల దుకాణంల
పన్నెండేండ్ల సంది నా చేతిల కత్తెర.
బట్ట కత్తిరించేది కాదు
జుట్టు కత్తిరించేది కాదు
గోలీల షీటు కత్తిరించేది.

"నాలుగియ్యి పర్వతాలన్నా."
"రెండు చాలు, అంగడి దాకా."
పది గోలీల షీటు మొత్తం కొనేటోళ్లను
ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
పత్తి పైసలొచ్చిన నెలల
ఇంకో చెయ్యి కావాలె, అంతే.

కత్తిరించుడుకూ ఒక పద్ధతుంటది.
పేరు, ధర, తారీఖు ఉన్న కొస
ఎప్పుడూ దుకాణం దిక్కే మిగలాలె.
మొదటి దినం సేటు నేర్పిన పాఠం.
కొంగుల ముడిపడి ఊర్లకు పొయ్యేది
పేరు లేని వెండి ముక్క.

మౌలాలి సాబుకు, బీబీకి ఒకటే బీపీ గోలీ.
నడుమ గీత కాడ ఇరిచి చెరి సగం.
"పెండ్లయిన కొత్తల బిస్కెట్టు గూడ
గిట్లనే తింటుంటిమి" అంటడు.
బత్తాయి తోట ముత్యాలు అంటడు:
"చెట్టు మందుకు ఉద్దెర దొరుకుతది,
మనిషి మందుకు దొరకది."

చందంపేట దిక్కు తండా నుంచి
రమావత్ కేస్లి వస్తది.
డాక్టరు చిట్టీ ఏనాడో చెమటకు నానిపోయింది.
ఖాళీ ముక్కే ఆమె చిట్టీ.
"గిదే, గులాబి రంగుది."
నెలకు ముప్పై రాస్తే పద్నాలుగు కొంటది.
ఎట్ల సరిపోతయని అడిగితే
"కూలి లేని దినం బువ్వ తక్కువ తింట.
తిననిదానికి షుగరెక్కడిది?" అని నవ్వింది.
ఆ లెక్కల తప్పు చూపెట్టే చదువు
నా కాడ ఉంది.
కత్తెర గూడ నా కాడనే ఉంది.
కత్తెరనే ముందుగాల కదిలింది.

ఒక పగటీలి, సేటు బువ్వకు పోయినప్పుడు,
పాత బిల్లు కాయితం వెనుక
గులాబి గోలీ లోపలి పేరు రాసిచ్చిన.
"సర్కారు దవాఖాన పక్క సందుల
జెనరిక్ దుకాణం పడ్డది.
డబ్బా వేరు, రంగు వేరు, మందు ఇదే.
డాక్టరమ్మకు ఒకసారి చూపెట్టి మింగు.
ఇక్కడి నాలుగు గోలీల పైసలకు
అక్కడ షీటొస్తది."

ఆమె నన్ను చూసింది,
తూకంల దొరికినోణ్ని చూసినట్టు.
"మరి ఇన్నేండ్లు?"

ఇన్నేండ్లకు
నా దగ్గర చిల్లర లేదు.

పదిహేను దినాలు రాలేదు.
అటెన్క వచ్చింది, కొననీకె కాదు.
బటువ విప్పి గాజు బల్ల మీద పెట్టింది:
తెల్ల గోలీలు, పదికి పది,
పేరుతోటి, ధరతోటి, తారీఖుతోటి.
చదువుమన్నది. చదివిన.
ధర మాత్రం రెండుసార్లు చదివిచ్చుకుంది.

"ఇగ నడుమకు కత్తిరియ్యి.
మా వదినె గూడ ఇదే మింగుతది.
ఆమె కూలి పైసలు శుక్రవారం వస్తయి."

ఐదు ఇటు, ఐదు అటు.
తారీఖు ఒక దిక్కే పడ్డది.
రెండో ముక్క బోర్లేసి
రేకు చిరగకుంట, పైలంగ,
పెన్ను కొసతోటి
పేరు రాసిన, తారీఖు రాసిన.

గల్ల కాడి నుంచి సేటు
చూస్తనే ఉన్నడు.
సిరా ఆరేదాక ఊదిన.