నెమ్మదైనది

కంచరపాలెం మెట్ట, మూడో అంతస్తు,
బెహరా మోహనరావు గది.
"ముందు చేతులు కడుక్కోండి" అన్నాడు.
రెండుసార్లు కడిగాను. అయినా గోళ్ల చివర
ఫిషింగ్ హార్బరు నీలం.
ఇరవయ్యారేళ్లు బోట్ల మీద పేర్లు రాసిన చెయ్యి,
టర్పెంటైను దీనికి రెండో తోలు.
"ఇవి వాసనతోటే మనిషిని చదువుతాయి" అన్నాడు.

కొండచిలువే గానీ మన కొండలది కాదు.
ఆఫ్రికా జాతి, ఇక్కడే పుట్టింది, కాగితాలున్నాయి.
సింహాచలం కొండ మీద దాన్ని పట్టుకుంటే జైలేనట.

"ఎలాంటిది కావాలి?"
"నెమ్మదైనది. చేతిలోకి తీసుకుంటే ఊరుకునేది."

మొదటి మూత తీయగానే
మెడని కొమ్ములా వెనక్కి వంచింది ఒకటి.
ఆ వంపు నాకు తెలుసు.
కుంచె విదిలించే ముందు మణికట్టు అలాగే ఉంటుంది.
మూసేశాం.

రెండోది సున్న.
తల మధ్యలో దాచుకుని
ఎత్తితే ఎత్తినట్టు, తిప్పితే తిప్పినట్టు.
"ఇదే" అన్నాను. "ఎంత బుద్ధిగా ఉందో!"

"బుద్ధేటండీ, భయం.
కదలకపోతే నెమ్మదనుకుంటారు అందరూ.
పక్కలు చూడండి."
చూశాను. పొలుసుల కింద ఊపిరి
తలుపు కొడుతున్నట్టు.

నన్నూ హార్బరంతా నెమ్మదస్తుడనే అంటారు.
ఓనర్లు బాకీ ఎగ్గొట్టినా,
అక్షరాల పని స్టిక్కర్లు ఎత్తుకుపోయినా,
"ఒక్కసారి అరవవయ్యా" అని మా నూకరత్నం ఏడ్చినా
సున్న చుట్టుకునే ఉన్నాను.

ఇంకోదాని కళ్లు పాలు పట్టినట్టున్నాయి.
కుబుసం విడిచే రోజులు, దాన్ని కదపలేదు.

ఆఖరిది తొందరపడలేదు.
నాలుక చాపి చాపి నా అరచేతిని
ఒకటో తరగతి గుంటలా కూడబలుక్కుంది.
తర్వాత బొటనవేలి మీదుగా, వాచీ మీదుగా
బరువంతా నా మీద పెట్టి
దీర్ఘంలా సాగింది.
బిగించొద్దు, కొమ్మలా ఉండండి, అన్నాడు.
ఉన్నాను.
నా ఊపిరి నాకు వినిపించింది.

కాగితంలో పేరు గడి ఖాళీగా వదిలేశాను,
నాలుగొందల బోట్లకి పేర్లు రాసినవాణ్ణి.

గుడ్డసంచిలో అది, కన్నాల డబ్బాలో సంచి,
స్కూటర్ మీద నా కాళ్ల మధ్య డబ్బా.
కాన్వెంట్ జంక్షన్ సిగ్నల్ దగ్గర
బొగ్గు లారీ ఒకటి వెనకే వచ్చి
హారన్ మీద చెయ్యి తీయడం లేదు.
"ఆపరా నీయబ్బ!" అని ఎవరో అరిచారు.
పక్క ఆటోవాడు నా వైపు చూశాడు.
నేనే.

డబ్బాలో చప్పుడు లేదు.
నెమ్మదో, భయమో,
ఇంటికెళ్లి మూత తీస్తే గానీ తెలీదు.