తప్పినా ఒకటి

మే నెల. బెజవాడ పెనం మీద ఉంది.
నేను మాత్రం అరువు కోటులో
పళ్ళు టకటకలాడించుకుంటూ
విక్టోరియాలో, గోధుమ చేల మధ్య ఒక చిన్న ఊళ్ళో.
మా పిన్ని కూతురు జ్ఞానసుందరి అక్కడి ఆసుపత్రిలో నర్సు.
శనివారం డ్యూటీ దిగి వచ్చి
"పడుకుంటావా, ఫుటీకి వస్తావా?" అంది.
పడుకుంటానన్నాను.
లాక్కుపోయింది.

కోడిగుడ్డు ఆకారంలో మైదానం.
ఇంచుమించు అదే ఆకారంలో బంతి.
కంచెకి ముక్కులు ఆనించి చుట్టూ కార్లు,
కుడితి తొట్టి దగ్గర గేదెల్లా.
గోల్ పడింది. కార్లన్నీ ఒక్కసారే హారన్ కొట్టాయి.
ఉలిక్కిపడి పక్కకి గెంతాను,
బెంజి సర్కిల్ దాటే కాళ్ళు కదా.
చూస్తే ఎవరూ ఎవర్నీ తిట్టడం లేదు.
హారన్‌కి ఆ అర్థం కూడా ఉందని
నలభై నాలుగేళ్ళకి తెలిసింది.

పందొమ్మిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను.
విసిరిన వస్తువు ఏ దారిన పోతుందో
బోర్డు మీద గీసి, కింద రెండు గీతలు కొట్టి
"ఇది మారదు, రాసుకోండి" అంటాను.
ఆ బంతి నేలకి తగిలింది.
కుడికి వస్తుందనుకున్నాను, ఎడమకి పోయింది.
ఈసారి ఎడమకే అనుకున్నాను,
నిట్టనిలువునా లేచి ఒక కుర్రాడి గడ్డం పగలగొట్టింది.
పక్కన డెస్ అనే ముసలాయన, మీసాల నిండా టమాటా సాస్,
నా మొహం చూసి పగలబడి నవ్వాడు.
ఎటు పోతుందో దానికే తెలీదట.

ఇక మార్కు.
మా వీధిలో ఆ మాటకి
మెట్ల కింద ఏడుపు, ఇంటికి ఫోన్లో అబద్ధం,
గోడంత ఫ్లెక్సీ మీద ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటో.
ఇక్కడ మార్కంటే
ఇంకొకడి వీపు మీద మోకాలు పెట్టి
గాల్లోకి లేచి, వచ్చే బంతిని రెండు చేతులా అందుకోవడం.
అందుకున్నావా, ఆట ఆగుతుంది.
మీద పడేవాళ్ళు వెనక్కి తగ్గుతారు.
కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చి
అప్పుడు తన్నమంటారు.

నాలుగు స్తంభాలు. నడిమి రెండింట్లోంచి పోతే ఆరు.
గురి తప్పి పక్క సందులోంచి పోతే?
"ఒకటి" అంది జ్ఞానసుందరి.
"మైనస్ ఒకటా?"
"కాదే. ఒకటి."
తెల్ల కోటాయన ఒక వేలు చూపించి
ఒక జెండా ఊపాడు, ఎంతో మర్యాదగా,
అదీ ఒక లెక్కే అన్నట్టు.
ఆ తర్వాత ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

జూన్‌లో, గన్నవరంలో దిగి
ఆటో ఎక్కితే, ఒళ్ళో ఎర్ర బంతిని చూసి
"ఇదేం పండు మేడం?" అన్నాడు డ్రైవరు.

హాస్టల్ పిల్లలకి ఆదివారం రెండు గంటలు గేటు తీస్తారు.
కృష్ణలంక దిగువన, ఇంకా నీళ్ళు వదలని ఇసకలో
నాలుగు సరుగుడు కర్రలు పాతాం.
మస్తాన్‌వలిది వినుకొండ.
పోయిన వారం టెస్టులో మైనస్ ఏడు.
ఉత్త కాళ్ళతో తన్నాడు. పక్క సందులోంచి పోయింది.
ఎవరూ ఏమీ అనకముందే తల దించేశాడు,
అంత అలవాటు.
నేను ఒక వేలు ఎత్తి, చున్నీ తీసి ఊపాను.
"మేడం, తప్పింది కదా?"
"తప్పింది. ఒకటి."
కాసేపు నన్నే చూశాడు, ఇందులో ఏదో కిటుకుందన్నట్టు.
తర్వాత బంతి కోసం పరిగెత్తాడు.
అది వాడికి దొరక్కుండా ఇసకలో
తోచిన వైపల్లా గెంతుతోంది.

రేపు సోమవారం. ఆ పేపర్లు దిద్దేది నేనే.
మైనస్‌లు వేసేదీ నేనే. అది మారదు.

కరకట్ట మీద ఏదో ఆటో గట్టిగా హారన్ కొట్టింది,
ఎవరికో అడ్డం తొలగమని.
మేం పదకొండు మందిమీ అటు తిరిగి
చేతులూపాం.